వాసన లేని గ్యాస్

పరీక్ష మొదలై రెండు గంటలు దాటి ఉంటుంది. స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. ఇన్విజిలేషన్ డ్యూటీలో ఉన్న లెక్చరర్ ఒకాయన గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "మేడం, మీ రూములో ఎవరిదో ఫోన్ ఆగకుండా మోగుతోంది. పిల్లలకు ఇబ్బందిగా ఉంది, కాస్త ఆపేయండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నా రూముకి తాళం వేసి ఉంది. తాళంచెవి నా బ్యాగులో ఉంది. ఫోను నా చేతిలో ఉంది. ఆ గదిలో నా ఫోను కాకుండా మోగగలిగింది ఒక్కటే. అది గ్యాస్ లీకైతే అరిచే మీటరు.

డబ్బా అలాగే వదిలేసి లేచాను. పరుగెత్తాలని ఉంది, కానీ పరీక్ష జరిగే వరండాలో పరుగెడితే అందరూ భయపడతారు. వేగంగా నడిచాను. ఆ వరండా అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

ముందు ఆ గదిలో ఏముందో చెప్పాలి. నేను శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మాది ఇబ్రహీంపట్నం. చెరువులో బాపు పట్టిన చేపలు అమ్మ మార్కెట్లో అమ్మేది, ఇప్పటికీ అమ్ముతుంది. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి చేరాను. మా గైడు సార్‌ది కోస్తా, చాలా ఏళ్ళ కిందటే సిటీకి వచ్చి స్థిరపడ్డారు. ఉత్తరాదిలో ఉన్న ఒక యాక్సిలరేటర్ కేంద్రంలో జరిగే ప్రయోగంలో ఆయనకు చిన్న వాటా దొరికింది. ఆ వాటాలోని పని నాకు అప్పగించారు. ఒక గ్యాస్ డిటెక్టర్ తయారుచేయాలి.

అక్కడ ప్రకృతిలో దొరకని పరమాణు కేంద్రకాలను పుట్టిస్తారు. అవి క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవకపోవచ్చు. పుట్టగానే వాటిని ఒక ధారలా ప్రయోగం దగ్గరికి నడిపిస్తారు. దాన్నే రేడియోధార్మిక బీమ్ అంటారు, అందులో విద్యుదావేశంతో వచ్చే ఆ కేంద్రకాలను అయాన్లు అంటారు. చిక్కేమిటంటే మనకు కావాల్సిన అయాన్లు ఒంటరిగా రావు. ఇంచుమించు అంతే బరువున్న వేరే అయాన్లు వాటిలో కలిసి వస్తాయి. ఏది ఏదో చెప్పడానికే మా పెట్టె. అయాను పెట్టెలోని గ్యాస్‌లోంచి దూసుకుపోతూ కొంత శక్తిని పోగొట్టుకుంటుంది. దాని విద్యుదావేశం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ పోతుంది. గ్యాస్‌లో ఎంత పోయింది, చివరికి ఎంత మిగిలింది, ఈ రెండూ కొలిస్తే వచ్చినదెవరో తెలిసిపోతుంది.

పెట్టె పెద్దదేమీ కాదు, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చోవచ్చు. ముందు వైపు అయాన్లు లోపలికి రావడానికి పాలిథిన్ కవరుకన్నా పల్చని పొర ఉంటుంది. లోపల నింపేది ఐసోబ్యూటేన్ అనే గ్యాస్. ఇది మన వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం, అలాగే అంటుకుంటుంది. అయితే వంటగ్యాస్‌కి వచ్చే ఆ ఘాటు వాసన దాని సొంతం కాదు. లీకైతే తెలియాలని ఫ్యాక్టరీలో కలుపుతారు. మాకు కావాల్సింది ఏమీ కలపని శుద్ధమైన గ్యాస్. దానికి వాసన ఉండదు. గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలమీద నీళ్ళలా పరుచుకుంటుంది.

గది తలుపు ముందు నిలబడ్డాను. కీచురాయి అరుస్తున్నట్టు లోపలినుంచి సన్నగా వినిపిస్తోంది. తాళం తీశాను. ఇనుప గొళ్ళేన్ని ఇనుప రింగులోంచి లాగుతున్నప్పుడు కూడా భయమేసింది. ఒకదానికొకటి రాసుకుంటే చాలుననిపించింది. చున్నీ అడ్డం పెట్టి మెల్లగా లాగాను.

తలుపు తెరిచాక ఏ వాసనా లేదు. మధ్యాహ్నపు వేడి, వ్యాక్యూమ్ పంపు రొద, నేలమీద ఎర్రదీపం వెలిగించి అరుస్తున్న మీటరు, అంతే. అలవాటు కొద్దీ నా చెయ్యి ఫ్యాను స్విచ్ మీదికి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దాన్ని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఆ గదిలో ఏ స్విచ్ వేసినా, ఏది ఆపినా నిప్పురవ్వే.

ఊపిరి బిగబట్టి లోపలికి నడిచాను. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ బిగించిన చోట సన్నగా బుస్సుమంటోంది. పొద్దున నేనే సబ్బునురగ రాసి చూశాను, ఒక్క బుడగ లేవలేదు. ఎండ ముదిరాక లోపలి రబ్బరు వాషర్ బీటలు తీసిందని తర్వాత తెలిసింది. వాల్వు చక్రం తిప్పి మూసేశాను. బుస్సు ఆగిపోయింది. మీటరు మాత్రం ఆగలేదు. బయటికి వచ్చిన గ్యాస్ ఎక్కడికీ పోలేదు, నా కాళ్ళ చుట్టూ అక్కడే ఉంది.

మీటరు తీసుకుని వరండాలోకి వచ్చాను. నడుము ఎత్తులో పట్టుకుంటే నోరు మూసుకుంది. వంగి పాదాల దగ్గర పెడితే మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో అడుగూ వేస్తూ వంగి చూసుకుంటూ వెళ్ళాను. గ్యాస్ మా తలుపు కింది సందులోంచి బయటికి పాకింది. పక్క హాలు గడప దగ్గర కూడా మీటరు అరిచింది. ఆ హాల్లో పిల్లలు తలలు వంచుకుని పరీక్ష రాస్తున్నారు.

అప్పుడే మా ల్యాబ్ అటెండర్ అక్క వరండా చివర కనిపించింది. మాది ఒకటే ఊరు. కాలేజీలో నన్ను మేడం అంటుంది గానీ నువ్వు అనే పిలుస్తుంది. నా మొహం చూసి ఉరుక్కుంటూ వచ్చింది.

"ఏమైంది మేడం? గట్లున్నవేంది?"

"గ్యాస్ లీకైంది అక్కా. లైట్లు, ఫ్యాన్లు ఏవీ ముట్టకు."

ఆమె గాలి పీల్చి చూసింది. "వాసన వస్తలేదు గదా?"

"గీ గ్యాస్‌కు వాసన ఉండదు, చెప్పిన గదా నీకు. ఇప్పుడు కరెంట్ పోతే జనరేటర్ దానంతటదే చాలూ అయితది. అది మన గోడ వెనకనే ఉంది. జల్ది పోయి ఆపరేటర్ అన్నకు చెప్పు, జనరేటర్ బందు పెట్టుమను. మన బ్లాకుకు కరెంట్ గూడ ప్యానల్ కాడనే తీసెయ్యమను."

అక్క కదల్లేదు. పరీక్ష హాలు తలుపు వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆమె కూతురు మా కాలేజీలోనే సెకండియర్. ఆ రోజు పరీక్ష రాస్తున్నది ఆ హాల్లోనే.

"నా బిడ్డ గండ్లనే ఉంది," అంది మెల్లగా.

ముందు నీ బిడ్డను బయటికి తెచ్చుకో అనాలా? అంటే ఆమె హాల్లోకి అరుస్తూ వెళ్తుంది, పిల్లలంతా ఒక్కసారి తలుపు మీద పడతారు, ఎవరో ఒకరు ఏదో ఒక స్విచ్ తాకుతారు. అనకూడదా? అది నేనెవర్ని చెప్పడానికి?

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, హాలుకు వీపు తిప్పి, ప్యానల్ రూము వైపు ఉరికింది. ఆ వీపు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంటుంది.

నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆ రోజు యూనివర్సిటీ తరఫున పరీక్షకు చీఫ్ సూపరింటెండెంటు కూడా ఆయనే. విషయం విని నాతోపాటు వరండాలోకి వచ్చారు. హాలు ముందు నిలబడి గాలి పీల్చారు.

"వాసనేమీ లేదు కదమ్మా."

"దీనికి వాసన ఉండదు సార్. వాల్వు కట్టేశాను. కానీ బయటికొచ్చింది నేలమీద పరుచుకుని ఉంది. పిల్లల్ని బయటికి పంపించాలి."

"పరీక్ష మధ్యలోనా? యూనివర్సిటీకి నేనేం సమాధానం చెప్పను? రేపు పేపరు బయటికొచ్చిందని ఎవరైనా అంటే? తలుపులన్నీ తీద్దాం, గాలి ఆడుతుంది. ఇంకొంచెంసేపేగా."

"సార్, హాల్లో ఇన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరైనా వాటిలో ఒకదాన్ని తగ్గించినా చాలు. కరెంట్ పోయి వచ్చినా చాలు."

"ఖచ్చితంగా అంటుకుంటుందంటావా?"

అది అన్యాయమైన ప్రశ్న కాదు. నేనే గనక ఆయన స్థానంలో ఉంటే అదే అడిగేదాన్ని. అంటుకుంటుందని చెప్పలేను. అంటుకోదనీ చెప్పలేను. ఆ క్షణంలో నా చదువంతా కలిసి ఆయనకు ఒక్క ఖచ్చితమైన మాట ఇవ్వలేకపోయింది.

మీటరు ఆయన చేతిలో పెట్టాను. "ఒక్కసారి మీరే వంగి చూడండి సార్."

ఆయనకు మోకాళ్ళ నొప్పులు. ఒక చెయ్యి గోడకు ఆనించి మెల్లగా కిందికి వంగారు. మోకాలి దాకా నిశ్శబ్దం. చీలమండ దగ్గరికి రాగానే మీటరు కెవ్వుమంది. ఉలిక్కిపడి చెయ్యి పైకెత్తారు, ఆగింది. మళ్ళీ దించారు, మళ్ళీ కెవ్వుమంది. హాల్లోంచి నాలుగైదు తలలు మావైపు తిరిగాయి. ఆయన కళ్ళు మాత్రం గడప దాటి మొదటి వరసలో బెంచీల కింద వదిలిన పిల్లల చెప్పుల మీద ఉన్నాయి.

లేచి నిలబడ్డప్పుడు ఆయన గొంతు మారిపోయింది. గుమ్మంలో నిలబడి, తరగతిలో పాఠం చెప్పినంత మామూలుగా చెప్పారు. "అందరూ పెన్నులు కింద పెట్టండి. పేపర్లు బెంచీల మీదే ఉంచండి. వరసగా లేచి గ్రౌండులోకి నడవండి. బెంచీలు జరపొద్దు, స్విచ్‌లు ముట్టుకోవద్దు. టైము పోదు, పూచీ నాది."

ఒక్కసారిగా గోల లేచింది. "సార్, ఇంకా రెండు ప్రశ్నలున్నయ్!" "ఎందుకు సార్ గిట్ల?" ఒకబ్బాయి కూర్చున్నచోటి నుంచి లేవనే లేదు, రాస్తూనే ఉన్నాడు. ఇన్విజిలేటర్ వెళ్ళి వాడి చేతిలోంచి పెన్ను తీసుకోవాల్సి వచ్చింది. కిర్రుమని ఎవరిదో బెంచీ నేలమీద రాసుకుంది.

అక్క కూతురు నా పక్కనుంచి వెళ్తూ, "మేడం, మా అమ్మ ఏది?" అంది. తల్లి రోజూ ఈ వరండాలోనే ఉంటుందని ఆ పిల్లకు తెలుసు.

"ముందట ఉంది. నువ్వు నడువు," అన్నాను.

చివరి వరస మెట్లు దిగుతుండగా ఫ్యాన్లు ఆగిపోయాయి. మా గదిలో పంపు రొద కూడా ఆగింది. ఎండాకాలం, ఆ వేళప్పుడు కరెంట్ పోవడం మామూలే. ఇది అక్క తీయించిందో, లైను పోయిందో నాకు తెలియదు. లైను పోతే మాత్రం కొద్దిసేపట్లో జనరేటర్ దడదడమంటూ లేస్తుంది. దాని పొగగొట్టం మా కిటికీకి జానెడు దూరంలో ఉంటుంది.

ప్రిన్సిపాల్‌గారు, నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాం. ఆయన ఏదో గొణుక్కుంటున్నారు, దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకుంటాను. నేను చెవులు రిక్కించి వింటున్నాను. సాగర్ రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. గ్రౌండులో పిల్లల మాటలు వినిపించాయి. జనరేటర్ మాత్రం లేవలేదు. ఇంకా లేవలేదు. లేవనే లేదు.

భవనం వెనకనుంచి అక్క వచ్చింది. చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది. నన్ను దాటుకుని తిన్నగా గ్రౌండులోకి వెళ్ళి, పిల్లల మధ్య తన కూతుర్ని వెతికి పట్టుకుని, భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. తర్వాత దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల "అమ్మా, అందరు చూస్తున్రే" అంటూ విడిపించుకోబోయింది.

ప్యానల్ రూములో ఏం జరిగిందో ఆపరేటర్ తర్వాత చెప్పాడు. ప్రిన్సిపాల్ సార్ చెప్పనిదే కరెంట్ తీయనన్నాడట. అక్క వాదించలేదట. తలుపుకు అడ్డంగా నిలబడి, "నా బిడ్డను గండ్ల ఇడిసిపెట్టి నీ తాన్కి ఒచ్చిన. ఉత్తగ ఒస్తనా?" అందట. అతను ముందు జనరేటర్ దానంతటదే లేవకుండా దాని ఆటోమేటిక్ స్విచ్ తీసేశాడు. బ్లాకు మీట మీద చెయ్యి వెయ్యబోతుండగా లైను దానంతటదే పోయిందట.

తలుపులు, కిటికీలు చేత్తో తెరిచి పెట్టాం. చెరువు వైపునుంచి గాలి బాగా వీస్తోంది. నేను మీటరు పట్టుకుని గడప దగ్గర వంగడం, లేవడం, మళ్ళీ వంగడం, అదే పని. చాలాసేపటికి అది నేలమీద పెట్టినా పలకడం మానేసింది. అప్పుడు కూర్చున్నాను.

యూనివర్సిటీతో మాట్లాడి పిల్లలకు వేరే బ్లాకులో మిగతా పరీక్ష రాయించారు. పోయిన సమయం కూడా ఇచ్చారు. మర్నాడు కొందరి తల్లిదండ్రులు కాలేజీకి వచ్చారు. "పిల్లలు సదువుకునే తాన గీ బాంబులేంది?" అని ఒక రైతు నన్ను సూటిగా అడిగాడు. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు, కోపంకన్నా భయమే ఎక్కువగా ఉంది. ప్రయోగం గురించి మొదలుపెట్టాను గానీ రెండు మాటలకే ఆపేశాను. ఆయన అడిగింది దాని గురించి కాదు. "ఇగ మీద ఇక్కడ ఉండది పెద్దనాయినా," అన్నాను. యాజమాన్యం అప్పటికే ఆ మాట చెప్పేసింది. మండే గ్యాస్ సిలిండర్ ఇకపై ఆవరణలోకి రాకూడదు.

ఇంట్లో అమ్మ, "ఇడిసిపెట్టు బిడ్డా. గా డబ్బ లేకుంటె నీ నౌకరి పోతదా?" అంది. పోదు. అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

గైడు సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పిల్లలందరూ బాగానే ఉన్నారు కదా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత, "గ్యాస్ మార్చేద్దాం. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మండదు. కానీ అమ్మాయ్, గ్యాస్ మారితే వోల్టేజీలు, పీడనం అన్నీ మొదటినుంచీ చూసుకోవాలి. బీమ్ తేదీ మనకోసం ఆగదు. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, వాళ్ళకు నేను చెప్పుకుంటాను" అన్నారు.

వల్ల అవుతుందని అనలేదు. మొదలుపెడతానని మాత్రం అన్నాను.

కాలేజీ వాళ్ళు గ్రౌండు చివర రెండు వైపులా కిటికీలున్న రేకుల షెడ్డు ఇచ్చారు. అక్క అందులోకి రాలేదు. నాతో మాట్లాడటం కూడా మానేసింది. నేనే ఊడ్చుకున్నాను, నేనే బల్ల లాక్కున్నాను. ఒక రోజు ఆమె గుమ్మం బయటే నిలబడి అడిగింది.

"గీ కొత్తదానికి వాసన ఉంటదా?"

"ఉండది. కానీ ఇది మండది అక్కా."

"మొదటిది మండుతదని గూడ నువ్వు చెప్పినవ్. చెప్పలేదంటలేను. నాకు సమజ్ కాలే. అండ్ల నా బిడ్డ కూసున్నంక సమజైంది."

చేతిలో ఉన్న స్పానర్ బల్లమీద పెట్టాను. "తప్పు నీది కాదంటున్రు అందరు," అని తనే మళ్ళీ అంది. "నాక్కూడ ఎరుకే. అయినా నిన్ను చూస్తే కోపమొస్తది. జర టైం పడతది." అంత సూటిగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట విన్నాక ఎందుకో ఊపిరి తేలికైంది. కొన్నాళ్ళకు చీపురు పట్టుకుని తనే లోపలికి వచ్చింది, ముందుగా కిటికీలన్నీ బార్లా తీసింది.

కొత్త గ్యాస్‌తో పెట్టె మొదట మొరాయించింది. వోల్టేజీ పెంచితే లోపల తీగల మధ్య మెరుపులు, తగ్గిస్తే సిగ్నల్ లేదు. ఆల్ఫా కణాలు వదిలే చిన్న సీల్డ్ సోర్సును ఎదురుగా పెట్టి, రోజు తర్వాత రోజు కొంచెం కొంచెంగా పీడనం మారుస్తూ వచ్చాను. ప్రయాణం ఇంకో వారంలోకి వచ్చాక గానీ సిగ్నల్ నిలకడగా రాలేదు. పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను.

ఆ కేంద్రంలో మా పెట్టెను బీమ్ దారిలో బిగించి, దాని ముందున్న గాలినంతా పంపులతో తోడేశారు. పల్చని పొరకు అటు శూన్యం, ఇటు మా గ్యాస్. పొర చిరిగితే గ్యాసంతా యాక్సిలరేటర్ గొట్టంలోకి పోతుంది, అందరి ప్రయోగమూ ఆగిపోతుంది. పొర ఉబ్బింది. కెమెరాలో దాన్నే చూస్తూ నేను, సార్ కుర్చీల అంచున కూర్చున్నాం. ఉబ్బి, అక్కడే నిలిచింది.

బీమ్ వచ్చింది. తెరమీద చుక్కలు పడటం మొదలైంది, ఒక్కో అయానుకు ఒక్కో చుక్క. ముందు అంతా ఒకటే ముద్ద. వేరుచేయలేని పెట్టె కోసమా ఇంత జరిగింది అనుకున్నాను. సార్ స్కేలు మార్చమన్నారు. మార్చాను. చుక్కలు పెరిగేకొద్దీ ముద్ద మధ్యలో సన్నని ఖాళీ కనిపించింది. చూస్తుండగానే ఖాళీ వెడల్పయింది. కింద దట్టంగా అక్కర్లేని అయాన్లు, పైన పల్చగా, దూరదూరంగా, మేం వెతుకుతున్నవి. అక్కడివాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పాడయ్యేలోపు డేటా తీసుకోండి" అన్నారు.

సంతోషం వెంటనే రాలేదు. ఆ పైనున్న పల్చటి చుక్కలు చూస్తూ వాటిని లెక్కపెట్టడం కూడా మర్చిపోయి కూర్చున్నాను. నా వంతు పని అయ్యాక బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. మార్కెట్లో ఉన్నట్టుంది, వెనక బేరాల గోల.

"అయిందమ్మా. మంచిగొచ్చింది."

"ఏమొచ్చింది?" అని, నేను చెప్పేలోపే ఎవరితోనో, "గా రేటుకు రాదక్కా, బొచ్చె చేప చూడు ఎట్లుందో" అంది. మళ్ళీ నాతో, "మంచిగైతె మంచిదే బిడ్డా. తిన్నవా?" అంది.

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్ ఎటువైపో కనుక్కుని నడిచాను.